రాజ్యం పోయింది సరే, వారసుడెవరో తేల్చేదెవరు?

కోటబురుజు

ఫ్రాన్స్‌లో ఇంకా రాజరికం ఉండుంటే ఇప్పుడు సింహాసనం మీద ఎవరుండేవారని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. వచ్చిన జవాబు ఇది: "ఎవరూ లేరు. చివరి రాజు 1848లో, చివరి చక్రవర్తి 1870లో దిగిపోయారు. ఆ తర్వాత రాజవంశం పేరు చెప్పుకునేవాళ్ళంతా పగటివేషగాళ్ళే."

నా అభ్యంతరం ఆ చివరి మాట మీదే. అధికారం పోవడం వేరు, వంశానికి పెద్ద ఎవరన్న లెక్క పోవడం వేరు. రాజు తర్వాత ఎవరన్నది చాలా వంశాల్లో రాజ్యాంగాల కాలానికి ముందే స్థిరపడిపోయింది. ఆ నియమాన్ని ఏ పార్లమెంటూ ఇవ్వలేదు, కాబట్టి ఏ పార్లమెంటూ తీసెయ్యలేదు. నియమం ప్రకారం వరస కట్టుకుంటూ పోతే ఒక మనిషి దగ్గర ఆగుతుంది. ఆయనకి సైన్యమూ ఖజానా లేకపోవచ్చు, వారసుడు మాత్రం ఆయనే. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

సెక్షన్_రెండు

ఒక మనిషి దగ్గర ఆగుతుందా? మీరెత్తిన ఫ్రాన్స్‌లోనే మూడు శాఖలున్నాయి కదండీ: స్పెయిన్ వైపు బూర్బన్లు, ఓర్లియాన్ వాళ్ళు, నెపోలియన్ వంశం వాళ్ళు. మొదటి రెండు శాఖల పేచీ పారిస్ కోర్టుకెక్కింది. అంజూ డ్యూక్ అన్న బిరుదూ, చిన్న శాఖ అని చెప్పే ఏ తేడా గుర్తూ లేని మూడు లిల్లీ పూల రాజముద్రా బూర్బన్ అల్ఫాన్స్ వాడకూడదని ఓర్లియాన్ పక్షం దావా. 1988 డిసెంబరులో కోర్టు ఏమందంటే, రాజవంశాల పోటీలో మధ్యవర్తిత్వం చెయ్యడం రిపబ్లిక్ న్యాయస్థానం పని కాదు, వెళ్ళి రండి అంది.

అంటే నియమం ఉందంటున్నారు, దాన్ని ఎవరైనా తప్పితే అడిగే నాథుడు లేడు. అలాంటిదాన్ని నియమం అని ఎలా అనమంటారు?

కోటబురుజు

కోర్టు నాకు పట్టదంది గానీ వారసత్వమే లేదనలేదు. రెండూ ఒకటి కాదు.

పైగా ఆ గొడవ దేని మీదో చూడండి. పద్నాలుగో లూయీ మనవడు ఫిలిప్ 1700లో స్పెయిన్ రాజయ్యాడు. రెండు కిరీటాలూ ఒకే నెత్తికి చేరతాయన్న భయంతో యూరప్ అంతా యుద్ధానికి దిగింది. చివరికి 1712లో ఫిలిప్ ఫ్రాన్స్ మీద హక్కు వదులుకున్నాడు, మరుసటేడు ఉట్రెక్ట్ సంధుల్లో అది ఖాయమైంది. 1883లో షాంబోర్ కౌంట్ పిల్లల్లేకుండా పోవడంతో పెద్ద శాఖ ఆగిపోయింది. వరసలో తర్వాత వచ్చేది ఆ ఫిలిప్ సంతానమే. ఆయన వదులుకున్నది చెల్లితే మాత్రం ఓర్లియాన్ వాళ్ళు.

బూర్బన్ పక్షం వాదన ఏమిటంటే, కిరీటం రాజుగారి సొంత ఆస్తి కాదు, వదులుకోవడానికీ ఇంకొకరికి రాసివ్వడానికీ ఆయనకి హక్కు లేదు. దీనికి పాత దాఖలా కూడా ఉంది. 1420 ట్రోయ్ సంధిలో ఆరో చార్లెస్ సొంత కొడుకుని పక్కనపెట్టి ఇంగ్లండ్ రాజుని వారసుణ్ణి చేశాడు. ఆ సంధి నిలవలేదు, కొడుకే ఏడో చార్లెస్ అయ్యాడు. కాబట్టి ఇక్కడ పేచీ నియమం లేక కాదు, దాన్ని సంధి దాటగలదా లేదా అన్నదాని మీద.

ఊరికే_చూస్తున్నా

ఇంత గొడవెందుకండీ. నేను పాత యూరప్ చక్రవర్తి షార్లమేన్ వంశం అని ఇంటర్నెట్లో ఎవరో ఒకరు రోజూ రాస్తూనే ఉంటారు. వాళ్ళకిచ్చెయ్యండి సింహాసనం. లండన్ వెబ్‌సైట్లో అడుగు నేల కొంటే లార్డ్ కూడా అవ్వొచ్చట.

పాతకాగితం

లార్డ్ సంగతి ముందు తేల్చేస్తాను. అవ్వరు. స్కాట్లండ్‌లో జ్ఞాపిక కోసం అమ్మే అడుగు ముక్కని భూమి రిజిస్టర్‌లోనే ఎక్కించరు, ఇక బిరుదెక్కడ? అక్కడ నిజంగా చేతులు మారేవి పాత ఫ్యూడల్ బారనీలు. 2004 నవంబరు 28న ఫ్యూడల్ భూహక్కులు రద్దయ్యాక అవి నేల నుంచి విడిపోయి వట్టి బిరుదుగా మిగిలాయి. వాటికయ్యే ఖర్చు వేరు, వాటితో పార్లమెంటులో కుర్చీ రాదు.

షార్లమేన్ మాట మాత్రం నిజమే, అందుకే దానికి విలువ లేదు. ఆయన పోయింది 814లో. నలభై తరాలు వెనక్కి వెళ్తే లెక్క ప్రకారం ప్రతి మనిషికీ లక్ష కోట్లకు పైగా పూర్వీకులుండాలి. భూమ్మీద అంతమంది ఏనాడూ పుట్టలేదు. అంటే ఒకే మనిషి మన వంశవృక్షంలో వేలసార్లు కనబడుతున్నాడన్నమాట. అప్పట్లో సంతానం నిలిచిన ప్రతివాడూ ఇప్పటి యూరప్ వాళ్ళందరికీ పూర్వీకుడే, షార్లమేన్‌తో పాటు ఆయన గుర్రాలు కాసినవాడు కూడా. అరుదైనది రక్తం కాదు. ఒక్కో తరానికీ ఒక్కో కాగితం చూపించి ఆ దారిని రుజువు చెయ్యగలగడం అరుదు.

డీఎన్‌ఏ_దాసు

కాగితాన్ని అంతగా నమ్మొద్దు పాతకాగితం గారూ.

ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ ఎముకలు 2012లో లెస్టర్‌లో కార్ల పార్కింగ్ కింద దొరికాయి. తల్లి వైపు డీఎన్‌ఏ ఆయన అక్క సంతతితో కలిసింది. తండ్రి వైపు వై క్రోమోజోమ్, ఐదో బోఫోర్ట్ డ్యూక్ సంతతి మగవాళ్ళతో కలవలేదు. కాగితం మీద అందరూ మూడో ఎడ్వర్డ్ మగ సంతానమే. మధ్యలో ఎక్కడో ఒక తండ్రి తండ్రి కాదు. ఎక్కడన్నది తెలీదు గనక ఏ రాజు కిరీటానికీ ఎసరు రాలేదు.

అసలు బిరుదు మారిన కేసు ఇంకోటుంది. స్టిచిల్‌కి చెందిన ప్రింగిల్ బారొనెట్ బిరుదు (బ్రిటన్‌లో వంశపారంపర్యంగా వచ్చే చిన్న బిరుదు) 1683లో రెండో చార్లెస్ ఇచ్చినది, గ్రహీత శరీరం నుంచి పుట్టిన మగ వారసులకి. 2013లో పదో బారొనెట్ చనిపోయాక ఇద్దరు దరఖాస్తు పెట్టారు. ఆ ఇంటిపేరు వాళ్ళ వంశచరిత్ర కోసం తీసిన డీఎన్‌ఏలోనే అసలు సంగతి బయటపడింది. పదో ఆయన తండ్రి, అంటే తొమ్మిదో బారొనెట్, ఎనిమిదో ఆయనకి పుట్టలేదు. 2016 జూన్‌లో ప్రివీ కౌన్సిల్ బిరుదుని చిన్న శాఖకి ఇవ్వాలంది. దాదాపు వందేళ్ళ వాడకం ఒక్క పరీక్షతో పోయింది.

సెక్షన్_రెండు

దాసు గారూ, మీరు నా వాదనకే బలం ఇచ్చారు. ప్రింగిల్ కేసు ఎందుకు తేలింది? తేల్చే పీఠం ఉంది గనక. అదే కేసు వియన్నాలో అయితే?

ఆస్ట్రియా 1919 ఏప్రిల్‌లో కులీన బిరుదులన్నీ చట్టంతో ఎత్తేసింది, పేరులో కులీనతకి గుర్తైన "ఫాన్" కూడా ఉండకూడదు. అదే ఏడు జర్మనీ ఇంకో దారి పట్టింది. వైమార్ రాజ్యాంగం 109వ అధికరణం ప్రకారం బిరుదు పేరులో భాగం, అంతే. ఒక ఆస్ట్రియా మహిళని 1991లో జర్మన్ రాజకుటుంబీకుడు దత్తత తీసుకుంటే పేరులోకి "ఫ్యూర్స్టిన్" వచ్చి చేరింది, ప్రిన్సెస్ లాంటి బిరుదన్నమాట. పదిహేనేళ్ళు అదే పేరుతో బతికాక ఆస్ట్రియా రిజిస్టర్ దాన్ని కోసేసింది. 2010 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఆస్ట్రియానే సమర్థించింది, పౌరులంతా సమానమన్నది ఆ దేశపు మూలవిలువ, దాన్ని కాపాడుకోవచ్చని. ఒకే మనిషి, సరిహద్దుకి ఇటు ఒక పేరు, అటు ఒక పేరు. ఇందులో వంశ నియమం చేసిందేమిటి?

కోటబురుజు

చేసింది. జర్మన్ కులీన కుటుంబాలు ఆ దత్తత పేర్లని తమవాళ్ళుగా లెక్కలోకే తీసుకోవు. పాస్‌పోర్టులో రాజకుమారుడని ఉన్నా వాళ్ళ వంశగ్రంథంలో ఉండడు. రాజ్యం ఇచ్చే పేరు వేరు, వంశం ఒప్పుకునే స్థానం వేరని నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే.

మాళవిక_ఆర్

ఇద్దరూ ఒకటి వదిలేస్తున్నారు. రాజ్యం బతికున్న చోట నియమాలు మారుతూ వచ్చాయి. పోయిన చోటే రాయిలా బిగుసుకుపోయాయి.

స్వీడన్‌లో 1979 మేలో కొడుకు పుట్టాడు, పుడుతూనే వారసుడు. 1980 జనవరి 1 నుంచి కొత్త చట్టం, ఆడైనా మగైనా పెద్దబిడ్డకే. ఏడు నెలల పిల్లాడి స్థానం రెండేళ్ళ అక్క విక్టోరియాకి వెళ్ళింది. తండ్రి, అంటే స్వయంగా రాజుగారే, పుట్టినవాడి నుంచి లాక్కోవడం సరికాదన్నారు. పార్లమెంటు వినలేదు. తర్వాత అదే దారిలో నెదర్లాండ్స్ 1983, నార్వే 1990, బెల్జియం 1991, డెన్మార్క్ 2009. బ్రిటన్ చట్టం 2013లో చేసి, 2011 అక్టోబరు 28 తర్వాత పుట్టినవాళ్ళకి వర్తింపజేసింది. 2018లో తమ్ముడు లూయీ పుట్టినా షార్లట్ స్థానం కదలకపోవడం అందుకే. సింహాసనం ఉండి కూడా మారనిది జపాన్: 1947 చట్టం ప్రకారం మగ వరసలో మగవాళ్ళకే, చక్రవర్తి ఏకైక కూతురు ఐకో వరసలోనే లేదు.

పెళ్ళి సంగతీ ఇంతే. సమాన హోదా ఉన్న ఇంటి పిల్లనే చేసుకోవాలన్న నియమానికి ఆస్ట్రియా సింహాసన వారసుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ 1900 జూన్ 28న తలవంచి, సోఫీకి పుట్టే పిల్లలకి సింహాసనం మీద హక్కుండదని ప్రమాణం చేశాడు. (సరిగ్గా అదే తేదీన 1914లో ఇద్దరూ సరయెవోలో చనిపోయారు.) అదే 1968కి వచ్చేసరికి నార్వే యువరాజు బట్టల వ్యాపారి కూతుర్ని చేసుకున్నాడు, ఆవిడ రాణి అయింది.

సింహాసనం పోయినవాళ్ళు చూడండి. రష్యా రొమనోవ్‌లు ఇవ్వాళ్టికీ ఎవరి పెళ్ళి సమానం, ఎవరిది కాదన్నదాని మీదే కొట్టుకుంటున్నారు. పావెల్ చక్రవర్తి 1797 చట్టంలో మగవాళ్ళంతా అయిపోయాకే ఆడవాళ్ళు. 1992లో వంశపెద్దనన్న వ్లాదిమిర్ పోయాక, మిగతా మగ రొమనోవ్‌లంతా అసమాన వివాహాల సంతానం కాబట్టి వరసలో లేరు, నేనే పెద్దని కూతురు మరియా అంటుంది. సరే, మరి ఆవిడ తల్లిది సమానమైన ఇల్లేనా? ఆమె జార్జియా బగ్రాతియోన్ల ఆడపడుచు. ఆ ఇల్లు రాజవంశమేనని 1946లో రాసిచ్చింది ఎవరు? వ్లాదిమిరే. 1948లో ఆ ఇంటి అమ్మాయిని పెళ్ళాడింది ఎవరు? ఆయనే.

చట్టసభ ఉంటే ఈ నియమాన్ని ఒక మధ్యాహ్నం కూర్చుని తీసి పారేసేది. లేదు గనక 1797 చట్టం అక్కడే ఆగిపోయింది.

ఊరికే_చూస్తున్నా

తానే సర్టిఫికెట్ రాసి తానే పెళ్ళి చేసుకున్నాడా! ఈ ఒక్క ముక్కకి థ్రెడ్ మొత్తం చదివినా నష్టం లేదు.

సెక్షన్_రెండు

మాళవిక గారి మాటకి ఒకటి కలుపుతాను. బతికున్న రాజ్యంలో కూడా బిరుదూ వారసత్వమూ ఒక తాడుకి కట్టిలేవు. 2025లో మూడో చార్లెస్ తన తమ్ముడు ఆండ్రూకి ప్రిన్స్ హోదా తీసేశారు. రాజపత్రంతో పనైపోయింది. అయినా వారసత్వ వరసలో ఎనిమిదో స్థానం అలాగే ఉండిపోయింది, దాన్ని కదపాలంటే పార్లమెంటు చట్టం చెయ్యాలి. బిరుదు రాజుగారి చేతిలో, వరస చట్టం చేతిలో. వంశం చేతిలో ఏదీ లేదు.

ఇక భారతదేశం. 1970లో రాష్ట్రపతి ఉత్తర్వుతో సంస్థానాధీశుల గుర్తింపు తీసేస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. మరుసటేడు 26వ సవరణ చేసి భరణాలతో సహా ఎత్తేశారు. 363ఎ అధికరణం చదివితే సందేహమే మిగలదు.

కోటబురుజు

సందేహం మిగిలింది కాబట్టే తిరువనంతపురం పద్మనాభస్వామి గుడి కేసు 2020 దాకా నడిచింది. చివరి తిరువాంకూరు మహారాజు 1991లో పోయారు. 1971 తర్వాత పాలకుడన్నవాడే లేడు కనక గుడి నిర్వహణ హక్కు కుటుంబానికి పోదని హైకోర్టు 2011లో అంది. 2020 జూలై 13న సుప్రీంకోర్టు దాన్ని తిరగరాసింది. సేవాయతు హక్కు, అంటే దేవుడి తరఫున గుడి చూసుకునే హక్కు, సంస్థానంతో పాటు పోయేది కాదు, కుటుంబ ఆచారం ప్రకారం తర్వాతివారికి వస్తుందంది. ఆ ఆచారం తల్లి వైపు నుంచి వచ్చే వరస. అంటే గుర్తింపు పోయిన వంశంలో తర్వాత ఎవరన్నది కోర్టే ఆచారాన్ని అడిగి తెలుసుకుంది.

సెక్షన్_రెండు

గుడి హక్కు కాబట్టి అడిగింది. వెనక ఒక ఆస్తో, బాధ్యతో ఉంటే కోర్టు వింటుంది. జర్మనీలోనూ అంతే. చివరి కైజర్ వంశమైన హోహెన్‌జోలర్న్‌ల ఇంట్లో అసమాన వివాహం చేసుకుంటే వారసత్వం పోతుందన్న షరతుని రాజ్యాంగ న్యాయస్థానం 2004లో పరిశీలించింది, పెళ్ళి చేసుకునే స్వేచ్ఛని కింది కోర్టులు తగినంతగా తూచలేదంది. అది ఎస్టేటు గురించి, కైజర్ కిరీటం గురించి కాదు.

పాతకాగితం

మాళవిక గారూ, పోయిన వంశాలు నియమాలు మార్చలేవన్నది పూర్తిగా నిజం కాదు. రొమేనియా మైకేల్ 1947లో గద్దె దిగినా 2007లో కొత్త నియమాలు రాసి పెద్ద కూతురు మార్గరెటాని వారసురాలిని చేశాడు. పెద్దగా ఎవరూ ఎదురుచెప్పలేదు.

మాళవిక_ఆర్

ఆయన ఒకప్పుడు నిజంగా రాజ్యం చేసినవాడండీ, ఆ మాటకున్న బరువు వేరు. దక్షిణ ఇటలీని ఒకప్పుడు ఏలిన నేపుల్స్ రెండు సిసిలీల వంశంలో జరిగింది చూడండి. 1960 నుంచి అక్కడ రెండు శాఖల తగువు. మూలం 1900 నాటి కాన్ పత్రం: స్పెయిన్ యువరాణిని చేసుకుంటూ కార్లో అనే రాజకుమారుడు నేపుల్స్ హక్కు వదులుకున్నాడు. అది చెల్లుతుందంటే కాస్ట్రో శాఖ పెద్ద, చెల్లదంటే కలాబ్రియా శాఖ పెద్ద. 2014 జనవరిలో ఇద్దరూ రాజీపత్రం మీద సంతకాలు పెట్టారు. 2016 మేలో కాస్ట్రో డ్యూక్, ఇద్దరూ ఆడపిల్లలే కావడంతో, ఇకనుంచి పెద్దబిడ్డకే అని ప్రకటించాడు. కలాబ్రియా వాళ్ళు అవతలికి తిరిగారు. రాజీ అంతటితో చెడిపోయింది.

కాస్ట్రో డ్యూక్ పెద్దరికం నిలబడిందే పాత నియమాన్ని అక్షరం తప్పకుండా పాటించాలన్న వాదన మీద. దాన్నే ఆయన కూతురి కోసం సడలిస్తున్నాడు.

కోటబురుజు

అందులో మీరు చెప్పినంత వైరుధ్యం లేదు. 1900లో కార్లో వదులుకున్నది తన శాఖ హక్కు. 2016లో ఈయన చేసింది వంశపెద్దగా నియమ సవరణ. మొదటిది చెల్లి రెండోది చెల్లకపోవచ్చు, రెండూ చెల్లొచ్చు కూడా. 1759 నుంచి నేపుల్స్ రాజులు వారసత్వ శాసనాలు తామే జారీ చేస్తూ వచ్చారు, సింహాసనం మీద ఉన్నన్నాళ్ళూ ఎవరూ కాదనలేదు. ఆ శాసనాధికారం గద్దెతో పోయిందా, వంశపెద్దతో మిగిలిందా అన్నదొక్కటే ఇక్కడ అసలు ప్రశ్న. మిగిలిందనే నేనంటాను, ఎందుకంటే 1861లో రాజ్యం పోయాక కూడా ఆ వంశంలో పెళ్ళిళ్ళకి అనుమతులు పెద్దే ఇస్తూ వచ్చాడు, కాన్ పత్రం తీసుకున్నది కూడా గద్దె లేని పెద్దే. అది చెల్లుతుందనేవాళ్ళు 2016 నాటిది చెల్లదని ఏ ముఖంతో అంటారు?