వలందులు: మనం పోగొట్టుకున్న మాట

సెలవుల్లో బరంపురం నుంచి రైలెక్కి మా మేనకోడలికి విశాఖ చూపించాను. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియం పాత డచ్ బంగళాలో ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేసినప్పటి గుర్తుగా, పేలని బాంబు ఒకటి అక్కడ ఉంది. పిల్ల దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. బయటికి వచ్చాక మాత్రం బంగళా గురించి అడిగింది.

“మామయ్యా, డచ్ వాళ్ళంటే మా పుస్తకంలోని ఒలందాజొలేనా?”

తను చదివేది ఒడియా మీడియం. ఒడిశా తీరంలో బాలేశ్వరంలోనూ డచ్ వాళ్ళు 17వ శతాబ్దంలో వర్తకం చేశారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. ఒడియా వారికి ఆ మాట మిగిలింది. మరి మనకో? మనకూ ఉంది. బందరులో వలందపాలెం ఉంది! వలందులంటే హాలండు వారే. అదే ఊళ్ళో పరాసుపేట ఫ్రెంచివారిది.

మాట వచ్చిన దారి చూడండి. ఈ తీరానికి ముందుగా వచ్చిన ఐరోపావారు పోర్చుగీసులు, అంటే మన బుడతకీచులు. వాళ్ళ భాషలో ‘హొలాండా’లోని హకారం పలకదు. మన చెవిన పడింది ‘ఒలాందా’. ఆపైన తెలుగు నోరు తన పని తాను చేసుకుంది: వద్దును ఒద్దనీ, వడ్డనను ఒడ్డననీ రెండు రకాలుగా పలికినట్టే, ఒలందా వలందా కూడా అయింది. ఇంత చక్కగా మనదైన మాటను వదిలేసి ‘డచ్’ అంటున్నామని ఆ పిల్ల ముందు నాకు నిజంగా బాధ కలిగింది.

ఇది చదివి మన బృందం సభ్యులు అడిగినవీ, నా జవాబులూ ఇవి.

పర్లాకిమిడి నుంచి ఒక సభ్యురాలు: డచ్ అంటే అందరికీ తెలుస్తుంది కదండీ. వలందులంటే మళ్ళీ వివరించాలి.

నా జవాబు: డచ్ తీసేయమనడం లేదమ్మా. ‘వలందుల (డచ్) బంగళా’ అని రాస్తే చాలు. అప్పుడు వలందపాలెంలో పుట్టిన పిల్లవాడికి తన ఊరి పేరు అర్థమవుతుంది. మన గంజాం పిల్లలకు ఒడియా పాఠంలోని మాట ఇంట్లోని తెలుగుతో కలుస్తుంది. 1936 వరకు గంజాం, విశాఖ, బందరు అన్నీ మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోనివే, తీరమంతా ఒకటే.

రాయగడ నుంచి ఒక సభ్యుడు: మా నాయనమ్మ మందుల్లో పరంగిచెక్క వాడేది. అదీ ఈ కోవలోదేనా?

నా జవాబు: అవునండీ, పరంగి అంటే ఐరోపావాడు. కోటల్లో, మ్యూజియాల్లో చూసే ఫిరంగి కూడా ఆ మాటే. తెచ్చినవాడి పేరే తుపాకీగుండు కన్న పెద్ద గుండు పేల్చే ఆయుధానికి నిలిచిపోయింది. నాయనమ్మగారు పరంగిచెక్కను ఎలా వాడేవారో కూడా రాయండి.