లోపం కనిపించకపోయినా ప్రతి 5,000 కిలోమీటర్లకూ వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం) చేయించాలా?

పాతటైరు:
సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ "5,000 దాటింది, అలైన్‌మెంట్ చేయించండి" అంటున్నారు. మూడు నెలల్లో రెండుసార్లు చేయించాను. అయినా బండి ఎడమవైపుకు లాగుతూనే ఉంది. గంటసేపు నడిపేసరికి భుజాలు నొప్పెడుతున్నాయి. వాళ్లిచ్చిన షీటులో మాత్రం అంకెలన్నీ పచ్చరంగులోనే ఉన్నాయి. ఇది నిజంగా భద్రతకు అవసరమా, లేక ఊరికే చేసే తంతా?

సూటిదారి:
తంతే అంటాను. టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ) నట్లు బిగించి ఉన్నంతకాలం కోణాలు వాటంతట అవి మారవు. గుంతలో గట్టిగా పడితేనో, సస్పెన్షన్‌లో ఏదైనా భాగం అరిగితేనో, మారిస్తేనో మారతాయి. 40,000 కిలోమీటర్లలో నేను చేయించింది ఒక్కసారే, అదీ టైర్లు మార్చినప్పుడు. బండి తిన్నగా వెళ్తోందంటే అలైన్‌మెంట్ బాగున్నట్టే.

రాత్రిప్రయాణం:
సూటిదారి గారూ, ఆ చివరి వాక్యంతో నాకు పేచీ ఉంది. కిందటేడు దాకా నేనూ అదే నమ్మాను.

ముందు చక్రాలు రెండూ సమానంగా బయటికి తిరిగి ఉంటే (చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం టో, ఇలా బయటికి తిరిగితే టో అవుట్ అంటారు) ఎడమది ఎడమకు, కుడిది కుడికి లాగుతుంది. రెండు లాగుళ్లూ సరిసమానం కాబట్టి బండి తిన్నగానే పోతుంది. స్టీరింగ్ పట్టుకున్న చేతికి ఏమీ తెలియదు. దెబ్బంతా టైరు మీదే. లెక్క వేసి చూడండి: చక్రం 1 డిగ్రీ వంకరగా ఉంటే ప్రతి కిలోమీటరుకూ దాదాపు 17 మీటర్లు పక్కకు ఈడ్చినట్టు. డిగ్రీలో పదోవంతు తేడా ఉన్నా 10,000 కిలోమీటర్లు తిరిగేసరికి రబ్బరును 17 కిలోమీటర్లు అడ్డంగా రుద్దినట్టే!

నా బండికి అదే జరిగింది. నిలబడి చూస్తే టైరు మీది గాళ్లు బాగానే కనిపించేవి, ఎందుకంటే అరిగింది లోపలి అంచు. వానలో ఒక మలుపు దగ్గర ముందు చక్రాలు నీటి మీద తేలాయి. స్టీరింగ్ తిప్పుతున్నాను, బండి తిరగడం లేదు. పక్కన మా అమ్మ కూర్చుని ఉంది. క్షణంలో చక్రాలకు మళ్లీ పట్టు దొరికింది కాబట్టి బయటపడ్డాం. మర్నాడు జాకీ మీద లేపి చూస్తే లోపలివైపు స్టీలు తీగలు బయటికొచ్చి ఉన్నాయి. గాడి లోతు కనీసం 1.6 మి.మీ. ఉండాలని చాలా దేశాల్లో నిబంధన. అక్కడ అసలు గాడే లేదు.

సూటిదారి:
అమ్మగారు, మీరు క్షేమంగా బయటపడ్డారు, అదే చాలు. తిన్నగా వెళ్తే చాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ 5,000 లెక్కను మాత్రం ఒప్పుకోను. కొలవడం వేరు, కోణాలు తిప్పడం వేరు. నెలకోసారి టైరును లోపలి అంచుదాకా చేత్తో అడ్డంగా తడమండి. ఒకవైపుకు నున్నగా, వెనక్కి లాగితే రంపపు పళ్లలా గరుకుగా తగిలితే టో తప్పిందని అనుమానించాలి. అప్పుడు వెళ్లి కొలిపించుకోవచ్చు.

స్పానర్‌చెయ్యి:
15 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మీ ఇద్దరి వాదనలో పాతటైరు గారి బాధ మరుగున పడింది.

పచ్చరంగు అంటే అంకె పరిమితి లోపల ఉందని మాత్రమే. కాస్టర్ (చక్రం ఎడమకూ కుడికీ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) ఎడమవైపు పరిమితి అడుగున, కుడివైపు పరిమితి పైన ఉన్నా రెండూ పచ్చగానే కనిపిస్తాయి. కాస్టర్ తక్కువున్న వైపుకు బండి లాగుతుంది. దీనివల్ల టైరు పెద్దగా అరగదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. పైగా చాలా చిన్న కార్లలో టో తప్ప మిగతా కోణాలు మార్చే ఏర్పాటే ఉండదు. బాల్ జాయింట్లు, బుష్‌లు (సస్పెన్షన్‌లోని కీళ్లు, వాటి రబ్బరు తొడుగులు) వదులైతే మిషన్ మీద సరిచేసిన కోణం రోడ్డెక్కగానే మారిపోతుంది. ముందు అవి చూడకుండా అలైన్‌మెంట్ చేసే చోట బండి ఇవ్వకండి. చేయక ముందు, చేసిన తర్వాత, రెండు ప్రింట్లూ అడగండి. వెనక చక్రాల కొలతలూ అందులో ఉండాలి. వెనక టో బయటికి తిరిగితే మలుపులో తోక జారిపోతుంది, అది ముందు చక్రాల తప్పు కంటే ప్రమాదం.

అయితే లాగడానికి కారణం అలైన్‌మెంటే కానక్కర్లేదు. గాలి సమానంగా ఉందా? కాసేపు నడిపాక ఒక చక్రం మాత్రమే ఎక్కువ వేడెక్కుతోందా? అలాగైతే బ్రేకు పట్టేస్తున్నట్టు. రెండూ బాగుంటే ముందు టైర్లను అటుదిటు, ఇటుదటు మార్చి చూడండి. ఒకే దిశలో తిరగాల్సిన టైర్లయితే మాత్రం అలా మార్చకూడదు.

పాతటైరు:
ఈ రోజు మార్పించాను. ఇప్పుడు కుడివైపుకు లాగుతోంది! అంటే రెండుసార్లు కోణాలు తిప్పించింది వృథాయేనా? టైరు పారేయాల్సిందేనా?

స్పానర్‌చెయ్యి:
టైర్లతోపాటు లాగడమూ పక్క మారింది కాబట్టి లాగుతున్నది టైరే. పారేయక్కర్లేదు. ముందు టైర్లు రెండింటినీ వెనక చక్రాలకు వేయించండి, చాలాసార్లు లాగడం ఆగిపోతుంది. కాకపోతే వేసే ముందు గాడి లోతు కొలిపించండి. వెనక టైర్లు బాగా అరిగినవైతే తడి రోడ్డు మీద బండి గిర్రున తిరిగిపోతుంది. అలాంటప్పుడు కొత్తవే వేయించుకోండి.