హాల్లో టీవీకి చిన్న పీసీ కావాలి, సౌండ్ అస్సలు రాకూడదు, ఏది తీసుకోమంటారు?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం అండి. మాది రాజమండ్రి. హాల్లో 55 అంగుళాల 4కె టీవీ, పాత 5.1 ఏవీ రిసీవర్ (స్పీకర్లకి సౌండ్ పంపే డబ్బా) ఉన్నాయి. నాన్నగారు ఏళ్ళ తరబడి కొన్న డీవీడీలు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి, అవి పాడవ్వకముందే ఒక్కొక్కటీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిస్తున్నా, వాటితో పాటు 2004లో మా అక్క పెళ్ళి మినీ డీవీ క్యాసెట్లు కూడా. ఇవన్నీ రిమోట్‌తో నాన్నగారే పెట్టుకుని చూసేలా ఉండాలి, అదీ నా కోరిక.

పోయిన ఏడాది ఆన్‌లైన్లో ఒక మినీ పీసీ కొన్నానండి, ఎన్95 ప్రాసెసర్, అరచేతిలో పట్టేంత డబ్బా. కొన్నది ఏప్రిల్లో, సీలింగ్ ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటే దీని చప్పుడు ఎవరికి వినిపిస్తుంది, బాగానే ఉంది అనుకున్నాం. డిసెంబర్లో బయటపడింది అసలు సంగతి. రాత్రి తొమ్మిదింటికి నాన్నగారు పౌరాణికం పెట్టుకున్నారు, చలికి ఫ్యాన్ ఆపేశాం, తలుపులు వేసేశాం, పద్యానికి ముందు రాగం తీస్తున్నారు, సరిగ్గా అక్కడ ఆయన దుప్పట్లోంచి చెయ్యి తీసి చెవి దగ్గర దోమని కొట్టారు. కాసేపటికి మళ్ళీ కొట్టారు. "ఒరేయ్ ఆ కాయిల్ వెలిగించరా" అన్నారు. దోమ లేదండి అక్కడ, టీవీ కింద ఉన్న ఆ డబ్బా అది. అప్పటినుంచి నాకు ఆ చప్పుడు తప్ప ఇంకేం వినపడట్లేదు.

బడ్జెట్ 25 వేల లోపు. ఫ్యాన్ లేనిది తీసుకోమని ఒకరు అంటున్నారు, మే నెలలో మా ఊళ్ళో అది బతుకుతుందా అని ఇంకొకరు అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

చినవాల్తేరు:
మీ నాన్నగారి చెవి పొరపాటు పడలేదండి. ఆ డబ్బాల్లో ఉండే చిన్న ఫ్యాన్ నిమిషానికి 5000 సార్లు తిరుగుతోంది, రెక్కలు 7 ఉన్నాయి అనుకోండి, సెకనుకి దాదాపు 580 సార్లు గాలిని కొడుతుంది. ఆడదోమ రెక్కలు సెకనుకి సుమారు 400 నుంచి 600 సార్లు ఆడతాయి. అంటే శ్రుతి కూడా ఇంచుమించు అదే! పెద్ద ఫ్యాన్ అదే గాలిని నెమ్మదిగా తిరుగుతూ తోసేస్తుంది, అందుకే హుమ్మని తక్కువ స్థాయిలో ఉండి చెవికి ఆనదు, చిన్న ఫ్యాన్ వేగంగా తిరిగితే గానీ ఆ పని అవ్వదు. దానికి తోడు ఈ డబ్బాల్లో ఫ్యాన్ ఒక స్పీడులో ఉండదు, పెరుగుతుంది తగ్గుతుంది మళ్ళీ పెరుగుతుంది, ఒకే తీరుగా వచ్చే చప్పుడుని చెవి అలవాటు చేసుకుంటుంది గానీ ఇలా మారుతుంటే ప్రతిసారీ పట్టుకుంటుంది.

కొత్తది కొనే ముందు ఉన్నదాన్నే ఒకసారి దారిలో పెట్టి చూడండి, డబ్బులు మిగలొచ్చు. వీడియో ఆడించడానికి ప్రాసెసర్ కోర్లు కష్టపడక్కర్లేదు, చిప్‌లోనే కుదించిన వీడియోని విప్పే డీకోడర్ విడిగా ఉంటుంది, ఎన్95కి హెచ్ఈవీసీ 10 బిట్, వీపీ9, ఏవీ1 అనే వీడియో రకాలు మూడూ అందులోనే అయిపోతాయి, డీవీడీ అయితే దానికి లెక్కే కాదు. మరి ఫ్యాన్ ఎందుకు అరుస్తోంది అంటే ఎన్95 15 వాట్ల చిప్, తయారుచేసినవాళ్ళు చాలామంది బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే పీసీ సొంత సెట్టింగ్స్) లిమిట్ ఇంకా పైకి పెట్టి వదిలేస్తారు, విండోస్ వెనకాల అప్‌డేట్ అనీ స్కాన్ అనీ ఏదో ఒకటి మొదలుపెట్టగానే అంతా వాడేసుకుంటుంది. బయోస్‌లోకి వెళ్ళి పీఎల్1, పీఎల్2 అని ఉంటే, అవే ఆ వాట్ల లిమిట్లు, రెండిటినీ 8 వాట్లకో 10 వాట్లకో దించండి. ఫ్యాన్ సెట్టింగ్ ఉంటే 60 డిగ్రీల దాకా కనీస స్పీడులోనే ఉండేలా పెట్టండి. చిప్ 70 డిగ్రీల్లో ఉన్నా దానికేం కాదు, భయపడకండి. మూత తీసి దుమ్ము కూడా ఊదండి, మనకి ఏడాదికే పేరుకుపోతుంది.

ఇంకోటి, హార్డ్ డిస్క్ ఎక్కడ పెట్టారు? 3.5 అంగుళాల డిస్క్ టీవీ యూనిట్ మీద పెడితే ఆ చెక్క మొత్తం వీణ బుర్రలా మోగుతుంది.

సీటీసీ_తమ్ముడు:
అన్నా ఎన్95, ఎన్100 అన్నీ పక్కన పెట్టు, రీఫర్బిష్డ్ టైనీ తీస్కో. ఆఫీసుల నుంచి వచ్చే లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కితే ఏ షాపులో చూసినా ఇవే. నేను ఐ5 8500టీ, అంటే ఎనిమిదో జెనరేషన్ ప్రాసెసర్ ఉన్నది 13 వేలకి తెచ్చుకున్నా, 8 జీబీ ర్యామ్, 256 ఎస్‌ఎస్‌డీ. ఫ్యాన్ కొంచెం పెద్దది, ఆఫీసులో పొద్దంతా టేబుల్ మీద ఉండే మెషిన్ కదా, సినిమా చూసేటప్పుడు రెండడుగుల దూరంలో కూడా నాకైతే వినపడదు.

కానీ ఒక్కటి చూస్కో, ఆరో జెనరేషన్ అంటగడతరు తక్కువకి ఇస్తున్నం అని, తీస్కోకు. ఆరో జెనరేషన్ చిప్‌ల హెచ్ఈవీసీ 10 బిట్ పూర్తిగా హార్డ్‌వేర్‌లో అవ్వదు, ఏడో జెనరేషన్ నుంచే అయితది. 4కె ఫైల్ పెడితే ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ లేస్తది, ఇగ సైలెంట్ ఎక్కడిది. నాకు మొదట ఒక షాపాయన ఎనిమిదో జెనరేషన్ అని చెప్పి ఆరోది ప్యాక్ చేసి ఇచ్చిండు, స్టిక్కర్ చూసి నమ్మినా, ఇంటికొచ్చి ఆన్ చేస్తే 6500టీ. మళ్ళ పోయి గొడవ పెట్టుకుంటే గానీ మార్చలే. అందుకే అక్కడే ఆన్ చేయించి స్క్రీన్ మీద ప్రాసెసర్ పేరు నీ కళ్ళతో చూసినంకనే పైసలియ్యి.

చినవాల్తేరు:
తమ్ముడు చెప్పింది మంచి సలహానే, కాకపోతే టీవీ 4కె అన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. ఎనిమిదో జెనరేషన్ టైనీల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ పాత 1.4 రకం, 4కె పెడితే 30 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, మౌస్ కదిపితే ఈడ్చుకుంటూ వెళ్తున్నట్టు ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్ నుంచి 60 వస్తుంది, కానీ దానికి యాక్టివ్ అడాప్టరే కొనాలి, షాపులో ఇచ్చే మామూలు చవక అడాప్టర్ వేస్తే మళ్ళీ 30కే వస్తుంది. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా బాగా చూపించే వీడియో) మీద వాటితో ఆశ పెట్టుకోకండి. ఏవీ1 డీకోడర్ కూడా లేదు, ఇంటెల్‌లో అది 11వ జెనరేషన్ నుంచే. డీవీడీలూ పెళ్ళి వీడియోలే అయితే ఇవేవీ అక్కర్లేదు, ముందు ముందు 4కె కూడా చూస్తాం అంటే మాత్రం ఎన్100 వైపే నా ఓటు. 6 వాట్ల చిప్, డబ్బాల్లో ఎక్కువవాటికి హెచ్‌డీఎంఐ 2.0 ఉంటుంది, కొనేముందు ఆ ఒక్క లైను చదువుకోండి చాలు.

పంచమం:
నాన్నగారు రిమోట్‌తో పెట్టుకోవాలి అన్నారు చూశారా, అందరూ దాన్ని వదిలేశారు. అసలు కష్టం అక్కడే. ఇంటెల్ మినీ పీసీల్లో ఎక్కువవాటికి సీఈసీ ఉండదండి, అంటే టీవీ రిమోట్ బటన్ నొక్కితే ఆ సంగతి పీసీకి తెలియదు. విడిగా యూఎస్‌బీ సీఈసీ అడాప్టర్ కొనాలి లేదా ఇంకో రిమోట్ పెట్టాలి, పెద్దవాళ్ళకి రెండో రిమోట్ ఇచ్చారంటే వారంలో పీసీ వాడటం మానేస్తారు, మా ఇంట్లో అదే జరిగింది. రాస్ప్‌బెర్రీ పై అని ఒకే బోర్డు మీద ఉండే చిన్న కంప్యూటర్ ఉంది, దాంట్లో సీఈసీ బోర్డులోనే ఉంటుంది. పై 5 మీద లిబ్రెఎలెక్ అనే చిన్న లినక్స్ ఎక్కిస్తే ఆన్ చేయగానే నేరుగా కోడి అనే వీడియో ప్లేయర్ వచ్చేస్తుంది, విండోస్ లేదు, అప్‌డేట్ అడగదు, యాంటీవైరస్ లేదు. మా అమ్మ టీవీ రిమోట్ బాణం గుర్తులతోనే అంతా నడిపిస్తుంది, అది కంప్యూటర్ అని కూడా ఆమెకి తెలీదు.

సౌండ్ సంగతి అంటారా, మొత్తం బోర్డుని పట్టుకునే అల్యూమినియం కేసు దొరుకుతుంది, ఆ కేసే హీట్‌సింక్, ఫ్యాన్ ఉండదు. కేసు వేడెక్కుతుంది, అది మంచిదే, వేడి బయటకి వస్తోంది అని అర్థం. పై 5లో హెచ్ఈవీసీకే హార్డ్‌వేర్ డీకోడర్ ఉంది, హెచ్.264 అనే పాత రకం వీడియోని ప్రాసెసరే చూసుకోవాలి, 1080పీ దాకా ఇబ్బంది లేకుండా ఆడిస్తుంది. అడాప్టర్ మాత్రం 5 వోల్ట్ 5 ఆంప్స్‌ది దాని ఒరిజినల్‌దే కొనండి, ఫోన్ చార్జర్ పెట్టి నడవట్లేదు అని తిట్టుకునేవాళ్ళని చాలామందిని చూశా.

ఓటీటీలు దీంట్లో చూడాలనుకోకండి. దీంట్లోనే కాదు, లినక్స్ ఏ పీసీ మీద పెట్టినా నెట్‌ఫ్లిక్స్ 4కె రాదు. టీవీలో యాప్ ఉంటుంది కదా, అది వాడుకోండి, ఈ డబ్బా మన సొంత ఫైల్స్‌కి.

గోదారిగట్టు:
అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. హార్డ్ డిస్క్ అవునండి, టీవీ యూనిట్ అరలోనే ఉంది, చెక్క మీదే, చినవాల్తేరు గారు అన్నాక చెయ్యి పెట్టి చూస్తే అర అంతా సన్నగా వణుకుతోంది. ఇన్నాళ్ళూ ఫ్యాన్ ఒక్కటే అనుకున్నా. నిన్న బయోస్‌లో పీఎల్1 చూస్తే 20 అని ఉంది, 8 పెట్టాను. దోమ చాలావరకు పోయింది, కానీ చెవి పెట్టి వింటే ఇంకా ఉంది.

రెండు డౌట్లు. మా రిసీవర్ పాతది, 4కె దాని గుండా వెళ్ళదు, అప్పుడు 5.1 ఎలా? రెండోది, అక్క పెళ్ళి వీడియో ఎవరైనా కదిలితే అంచులు దువ్వెన పళ్ళలాగా చీలిపోతున్నాయి, తలంబ్రాలు పోసే చోట అయితే చేతులు చూడలేకపోతున్నాం. క్యాసెట్ పాడైపోయిందా?

పంచమం:
క్యాసెట్‌కి ఏం కాలేదు, కంగారు పడకండి. మన దగ్గర మినీ డీవీ అంటే పీఏఎల్ అనే టీవీ పద్ధతి, సెకనుకి 50 ఫీల్డులు, ఒక ఫీల్డులో బేసి గీతలు తర్వాతి దాంట్లో సరి గీతలు. పాత డబ్బా టీవీ వాటిని అలాగే గీసేది కాబట్టి తెలిసేది కాదు, ఇప్పటి టీవీకి రెండూ కలిపి ఒకేసారి చూపిస్తే కదిలే చెయ్యి రెండు చోట్ల కనపడుతుంది, అవే మీ దువ్వెన పళ్ళు. కోడిలో వీడియో ఆడుతుండగా సెట్టింగ్స్‌లో డీఇంటర్‌లేస్ (ఆ గీతల్ని సరిచేసేది) ఆన్ చేయండి. దాంతోపాటు ప్లేయర్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్ సర్దుకునే ఆప్షన్ ఉంటుంది, అది కూడా ఆన్ చేస్తే టీవీ 50 హెర్ట్జ్‌కి మారుతుంది. 60లో పెట్టి చూస్తే దువ్వెన పోయినా కెమెరా పక్కకి తిప్పినప్పుడల్లా చిన్న కుదుపు ఉంటుంది. 24 ఫ్రేముల సినిమాలకీ ఈ సెట్టింగే పనికొస్తుంది.

ఒక మనవి, క్యాసెట్ నుంచి ఎక్కించిన అసలు డీవీ ఫైల్ డిలీట్ చేయకండి. గంటకి 13 జీబీ పడుతుంది, పెద్దదే, అయినా ఉంచండి. స్టూడియో వాళ్ళు డీఇంటర్‌లేస్ చేసి చిన్నది చేసి ఇస్తామంటారు, చేశాక పోయిన ఫీల్డులు ఎవరూ వెనక్కి తేలేరు. రెండు డిస్కుల్లో ఉంచండి, ఒకటి అక్క ఇంట్లో.

చినవాల్తేరు:
రిసీవర్ గురించి, పీసీ నుంచి నేరుగా టీవీకి హెచ్‌డీఎంఐ పెట్టి, టీవీ నుంచి ఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐ వైరులోనే టీవీ సౌండ్‌ని రిసీవర్‌కి పంపేది) గానీ ఆప్టికల్ కేబుల్ గానీ రిసీవర్‌కి ఇచ్చేయండి. డీవీడీల్లో ఎక్కువగా ఉండేది డాల్బీ డిజిటల్ సౌండ్, ఆప్టికల్‌లో పూర్తిగా పడుతుంది, ఏమీ పోదు. డీటీఎస్ అనే ఇంకో రకం సౌండ్ ఉన్న డీవీడీలైతే మాత్రం కొన్ని టీవీలు దాన్ని ముందుకి పంపవు, అప్పుడు పీసీ హెచ్‌డీఎంఐని రిసీవర్ గుండానే 1080పీలో పంపండి, డీవీడీకి 4కె అవసరం ఎలాగూ లేదు. ట్రూహెచ్‌డీ లాంటి ఇంకా పెద్ద సౌండ్ ఫార్మాట్లు కావాలంటేనే ఈఏఆర్‌సీ (ఏఆర్‌సీలో కొత్త రకం), కొత్త రిసీవర్ అవన్నీ.

డిస్క్‌ని హాల్లోంచి తీసేయండి. రూటర్ ఏ గదిలో ఉంటే అక్కడ పెట్టి ఒక ల్యాన్ వైరు హాల్లోకి లాగండి, గోడ మూల వెంట క్లిప్పులు కొట్టుకుంటూ వస్తే కనపడదు కూడా. కుదరకపోతే హాల్లోనే మందపాటి స్పాంజి మీద పెట్టండి, వణుకు చెక్కకి చేరదు.

మే నెల గురించి అడిగారు. నేను ఫ్యాన్ లేని ఎన్100 రెండు వేసవులు వాడాను, పగలు హాలు 38 దాటిన రోజుల్లో కూడా ఆగలేదు, చెయ్యి పెడితే మాత్రం చుర్రుమంటుంది. దాని ఒళ్ళంతా రెక్కలే, వాటి మధ్య గాలి ఆడాలి, అద్దం తలుపున్న అరలో పెట్టారా, ఫ్యాన్ ఉన్నా లేకపోయినా ఉడికిపోతుంది. వడ్రంగిని పిలిచి వెనక చెక్కకి చెయ్యి పట్టేంత కన్నం వేయించండి. టీవీ వెనక గోడకి తగిలించినా మంచిదే. నా ప్లగ్ మీటర్లో ఖాళీగా ఉంటే 8 వాట్లు చూపిస్తుంది, నెలంతా ఆపకుండా వదిలేసినా ఆరు యూనిట్లు దాటదు.

సీటీసీ_తమ్ముడు:
నిజమే, హెచ్‌డీఎంఐ 1.4 సంగతి నేను చెప్పలే, నాది 1080పీ టీవీ గందుకే తెల్వలే. అన్నా నువ్వు ఎన్100కే పో.

గోదారిగట్టు:
డిస్క్ రూటర్ గదిలోకి మార్చేశాను. అర కింద అంతా నిశ్శబ్దం. డీఇంటర్‌లేస్ కూడా పెట్టాను, తలంబ్రాలు ఒక్కో గింజా కనపడుతోందండి, అక్కకి వీడియో కాల్ చేసి టీవీ చూపించాను. ఇక ఫ్యాన్ లేని ఎన్100 ఒకటి ఆర్డర్ పెడుతున్నా, హెచ్‌డీఎంఐ 2.0 అని చదువుకునే పెట్టాను, యూఎస్‌బీ సీఈసీ అడాప్టర్ కూడా. పాత ఎన్95 పడేయకుండా రూటర్ దగ్గర డిస్క్‌కి సర్వర్‌గా వాడతాను, అక్కడ ఎంత అరిచినా పర్లేదు.

చినవాల్తేరు:
మంచి పని చేశారు. కొత్తది రాగానే బయోస్‌లో కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే ఆన్ అయ్యే ఆప్షన్ పెట్టండి, ఏసీ పవర్ లాస్ అని ఉంటుంది. లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా నాన్నగారు లేచి ఆ చిన్న బటన్ వెతుక్కోవాలి.