కండరాల పేర్లు బట్టీ పట్టకుండా మనిషి బొమ్మ రాదా?

కొత్తకుంచె:
ఆఫీసు అయ్యాక బొమ్మలు వేసుకుంటాను, రెండేళ్ల నుంచి. మొన్న తల మీద బిందె పెట్టుకుని, ఒక చెయ్యి పైకెత్తి పట్టుకున్న ఆవిడ బొమ్మ వేశాను. (కింద పెట్టాను, చూడండి.) మా ఆదివారం క్లాసు సారు ఒక్క చూపు చూసి, "ముందు అనాటమీ చదువు, కండరాల పేర్లన్నీ నేర్చుకుని రా" అన్నారు. పుస్తకం కొన్నాను. మూడు వారాలైంది, ఇంకా ముంజేయి దగ్గరే ఉన్నాను. కుంచె ముట్టలేదు. నిజంగా ఇదంతా కావాలా?

మోచేయి:
కావాలి. పేర్లు తర్వాత సంగతి, లోపల ఏది ఎక్కడ కదులుతుందో తెలియాలి. మీ బొమ్మలో చెయ్యి పైకి లేచింది, భుజం మాత్రం కిందే ఉండిపోయింది. చెయ్యి నిటారుగా ఎత్తితే ఆ కదలికలో సుమారు మూడో వంతు వీపు మీది భుజం చిప్ప తిరగడం వల్లే వస్తుంది. కాలర్ బోన్ కూడా దానితోపాటు పైకి లేస్తుంది. మీరు చెయ్యిని గొట్టంలా అతికించారు.
ఇంకోటి చూడండి. ఎడమ మోచేతి కొన మీద వేలు పెట్టి, ఆ అరచేతిని పైకీ కిందికీ తిప్పండి. వేలి కింద ఎముక కదలదు. బొటనవేలి వైపు ఎముక దాని మీదుగా అడ్డంగా దాటుతుంది. ఇది తెలియకపోతే ముంజేయి ఎప్పటికీ చపాతీ కర్రే.

బ్యానర్‌బాబాయి:
బెజవాడలో ఇరవై రెండేళ్లు సినిమా బ్యానర్లు, కటౌట్లు రాశాను. నలభై అడుగుల హీరోని గళ్లు కొట్టి నిలబెట్టాం. ఒక్క ఎముక పేరు తెలియదు. జనం చూసి దండలు వేశారు. బాపు గారి బొమ్మలో ఏ కండరం కనిపించింది బాబూ మీకు?

నీటిరంగు:
బాపు గారి పేరు వచ్చేసింది. ఇక తెల్లారినట్టే.

మోచేయి:
బాబాయ్ గారూ, బాపు గారు కండరం వెయ్యలేదంటే తెలియక కాదు, ఏది వదిలెయ్యాలో తెలిసి. గళ్లు కొట్టడం అంటే ఫోటోని పెద్దది చెయ్యడం. అదే హీరోని వెనక నుంచి వెయ్యమంటే?

బ్యానర్‌బాబాయి:
అంటే మేం కాపీగాళ్లం అంటున్నావు.

మోచేయి:
అలా అనలేదు.

బ్యానర్‌బాబాయి:
"ఫోటోని పెద్దది చెయ్యడం" అన్నావు. పైన ఉంది, చదువుకో.

తాళపత్రం:
మనకి వేరే లెక్క ఉంది కదా. శిల్పశాస్త్రంలో నవతాళం అంటే విగ్రహం ఎత్తు తొమ్మిది ముఖాల పొడవు, 108 అంగుళాలు (ఇంచీలు కాదు, వేలి వెడల్పు లెక్క). బెంగాలీ చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ 1914లోనే రాశారు, మొండెం గోముఖంలా, చేయి ఏనుగు తొండంలా అని. మనిషి ఎత్తు ఏడున్నర తలలు అని పడమటి లెక్క మనకెందుకు?

మోచేయి:
ఆ రెండూ ఒకే కొలత కాదండీ. మీ తాళం జుట్టు మొదలు నుంచి గడ్డం దాకా. ఏడున్నర లెక్క నడినెత్తి నుంచి. పైగా నవతాళం దేవుడి విగ్రహానికి. ఈవిడ నీళ్లు మోస్తోంది.

తాళపత్రం:
నీళ్లు మోసేవాళ్లలో దేవుడు లేడా?

నీటిరంగు:
😂

అద్దంముందు:
మీరు ముగ్గురూ పుస్తకం, గళ్లు, శాస్త్రం అంటున్నారు. అసలు మనిషిని చూసి వేసే అవకాశం ఎంతమందికి దొరికింది? చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి వెళ్లి చదివారు కాబట్టి మోడల్ని ఎదురుగా పెట్టుకుని వెయ్యగలిగారు. 28 నిండకుండానే 1925లో పోయారు, అయినా రాజమండ్రి గ్యాలరీలో ఆ గీత చూస్తే తెలుస్తుంది. నేను చదివిన కాలేజీలో నాలుగేళ్లూ మోడల్ ఒక్కడే, పంచె కట్టుకున్న వాచ్‌మన్ తాత. ఆడవాళ్ల నడుము నేను బాత్రూం అద్దంలో నేర్చుకున్నాను. అది కూడా పరీక్షకి ముందు రాత్రి.

మోచేయి:
నిజమే. అందుకే పుస్తకం అంటున్నా. గేమ్ కంపెనీలో ఉద్యోగానికి వెళ్తే మూడుసార్లు తిప్పి పంపారు. మూడుసార్లూ ఒకటే మాట: "చేతులు రాలేదు." ఏడాది కూర్చుని నేర్చుకున్నాను. గళ్లు కొట్టి ఉంటే ఇంకా ఇంట్లోనే ఉండేవాణ్ణి.

బ్యానర్‌బాబాయి:
మళ్లీ గళ్లు! సరే విను. ఫ్లెక్సీలు వచ్చాక మా పని పోయింది. ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్ కావాలంటే వెళ్లాను. నా కొడుకు వయసు కుర్రాడు, మెడ పక్క కండరం పేరేంటి అన్నాడు. చెవి వెనక నుంచి మెడ గుంట దాకా వచ్చే తాడు. వెయ్యిసార్లు గీశాను. హీరో కోపంగా తల తిప్పితే మొదట కనిపించేది అదే. పేరు చెప్పలేకపోయాను. "మీకు బేసిక్స్ లేవండీ" అని పంపేశాడు. ఆ కుర్రాడి చేత అక్కడే ఒక మెడ వేయించి ఉండాల్సింది.

మోచేయి:
ఆ పేరు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్. రొమ్ము ఎముక, కాలర్ బోన్, చెవి వెనక గుబ్బ, మూడూ అందులోనే ఉన్నాయి. దారి గుర్తుండటానికి పెట్టిన పేరు బాబాయ్ గారూ, మనుషుల్ని వడపొయ్యడానికి కాదు. ఆ కుర్రాడిది తప్పు.

బ్యానర్‌బాబాయి:
ఇప్పుడు చెప్పి ఏం లాభం.

కొత్తకుంచె:
అందరూ ఒకసారి నా బొమ్మ చూస్తారా? భుజం ఎత్తి మళ్లీ వేశాను. ఇంకా ఏదో తేడాగా ఉంది.

బ్యానర్‌బాబాయి:
నీ బిందె ఖాళీది. నీళ్లున్న బిందె అయితే మెడ అలా పక్కకి వాలదు, నిటారుగా బిగుస్తుంది. తల తిప్పకుండా కళ్లు మాత్రమే పక్కకి చూస్తాయి. బరువు పడ్డ కాలు వైపు నడుము ఎత్తు, రెండో మోకాలు కొంచెం వదులు. మా అమ్మ అలాగే నడిచేది.

మోచేయి:
బాబాయ్ గారూ, మీరిప్పుడు చెప్పిందే అనాటమీ.

బ్యానర్‌బాబాయి:
కాదు. అది బిందె.