డల్లాస్ నుంచి యూటాకు ఏటీవీలతో పది రోజుల ట్రిప్: ప్లాన్ చూసి సలహా చెప్పండి

ఫ్రిస్కో_నాన్న:

అందరికీ నమస్కారం. అక్టోబర్ రెండో వారంలో మేమూ, మా బావమరిది వాళ్లూ కలిసి పది రోజులు యూటా వెళ్దామనుకుంటున్నాం. నా దగ్గర హోండా రాంచర్ ఏటీవీ (బైకులా హ్యాండిల్ ఉన్న నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్ బండి) ఒకటి ఉంది, బావమరిది దగ్గర నాలుగు సీట్ల పొలారిస్ ఆర్‌జెడ్‌ఆర్ (కారులా స్టీరింగు, సీటు బెల్టులు ఉన్న ఆఫ్‌రోడ్ బండి). రెండూ పట్టేలా 20 అడుగుల ట్రైలర్ ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, లాగేది నా ఎఫ్-150 ట్రక్కు. ఇప్పటిదాకా మేము నడిపింది ఇక్కడ టెక్సాస్‌లో ఒక ప్రైవేట్ పార్కులో, బురదలో. రాళ్ల మీద ఎప్పుడూ నడపలేదు.

ప్లాన్ ఇదీ: శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఇద్దరం మార్చుకుంటూ రాత్రంతా నడిపి శనివారం మధ్యాహ్నానికి మోయాబ్ చేరడం. అక్కడ మూడు రోజులు, హెల్స్ రివెంజ్ అనే రాళ్ల ట్రెయిల్ తప్పకుండా చేయాలి. తర్వాత యూటాలోనే కొండల్లో ఉండే పాయూట్ ట్రెయిల్ పెద్ద లూప్ రెండు రోజుల్లో పూర్తి చేసి వెనక్కి. పిల్లలు మావాడు 15 ఏళ్లు, బావమరిది కూతురు 10 ఏళ్లు. గుంటూరు నుంచి మా అమ్మ వచ్చి ఉంది, తననీ తీసుకెళ్లాలని ఉంది. మావాడు రాంచర్ నేనే నడుపుతానని పట్టుబట్టాడు. పదేళ్లుగా అనుకుంటున్న ట్రిప్ ఇది, తొందరపడి పాడు చేసుకోకూడదని అడుగుతున్నా. ఎక్కడ తప్పు చేస్తున్నామో మొహమాటం లేకుండా చెప్పండి.

ఎర్రమట్టి:

అన్నా, నేను ప్లేనో నుంచి ఇదే దారిలో మూడుసార్లు వెళ్లాను కాబట్టి ట్రెయిల్ సంగతి పక్కనపెట్టి ముందు రోడ్డు గురించి చెప్తా, ఎందుకంటే మొదటిసారి మా ట్రిప్‌లో ఒకటిన్నర రోజు ట్రెయిల్ మీద కాదు, శాంటా రోసా దాటాక రోడ్డు పక్కనే పోయింది. ట్రైలర్ టైరు పేలింది. చూడ్డానికి అరుగుదలే లేదు, కొత్తదానిలా ఉంది, కానీ టైరు పక్క గోడ మీద ఉండే డాట్ నంబర్ (తయారీ వివరాల నంబర్) చివరి నాలుగు అంకెలు చూస్తే దాని వయసు ఎనిమిదేళ్లు. ముందు రెండు అంకెలు వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మీది సెకండ్ హ్యాండ్ కదా, ఈరోజే వెళ్లి చూడండి. ఐదారేళ్లు దాటితే ఎంత బాగా కనిపించినా మార్చేయండి. ట్రైలర్‌కి విడిగా స్పేర్ టైరు పెట్టుకోండి, ట్రక్కు జాకీ దానికి పనికొస్తుందో లేదో ఇంటి దగ్గరే ఒకసారి ఎత్తి చూసుకోండి. బేరింగులు విప్పించి కొత్త గ్రీజు వేయించండి. దారిలో పెట్రోలుకు ఆగిన ప్రతిసారీ చక్రం మధ్యలో చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, నాలుగింటిలో ఒకటే బాగా కాలుతుంటే ఆ బేరింగు పోతోందని అర్థం.

వేగం గురించి కూడా. టెక్సాస్‌లో బోర్డు 75 అని ఉంటుంది, కానీ చాలా ట్రైలర్ టైర్లు 65 మైళ్ల వేగానికే తయారైనవి. అమరిల్లో దగ్గర్నుంచి న్యూ మెక్సికో తూర్పు భాగం వరకు పక్కగాలి గట్టిగా కొడుతుంది. బరువు ట్రైలర్ వెనక్కి పడితే తోక ఊపడం మొదలవుతుంది, అప్పుడు ఎంత నడిపినవాళ్లకైనా అదుపులో ఉండదు. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రక్కుకి ట్రైలర్ తగిలించే చోటు) మీద పడేలా ఆర్‌జెడ్‌ఆర్‌ని ముందుకు జరపండి. మైలేజీ కూడా బాగా పడిపోతుంది, నా ట్రక్కు 19 ఇచ్చేది 11 ఇచ్చింది. బడ్జెట్ దాని ప్రకారం వేసుకోండి.

రాత్రంతా నడపొద్దు. దయచేసి. వెయ్యి మైళ్ల పైచిలుకు దారి, చివర్లో మాంటిసెల్లో చుట్టుపక్కల చీకటి పడితే జింకలు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. నిద్ర లేని కళ్లతో, వెనక ట్రైలర్‌తో, కార్లో పిల్లలూ పెద్దావిడా ఉండగా అది వద్దు. మేము ఇప్పుడు చేసేది ఇలా: మొదటి రోజు టుకుమ్‌కారి దాకా, రెండో రోజు ఆల్బుకర్కీ మీదుగా 550 హైవే పట్టుకుని ఫార్మింగ్టన్, మూడో రోజు షిప్‌రాక్, కోర్టెజ్, మాంటిసెల్లో మీదుగా మధ్యాహ్నం భోజనాల వేళకి మోయాబ్. 550 ఎక్కే ముందే ట్యాంకు నింపుకోండి, మధ్యలో బంకులు తక్కువ. మోటెల్ బుక్ చేసేటప్పుడు ట్రైలర్‌కి చోటుందా అని ఫోన్ చేసి అడగండి. రాత్రి హిచ్‌కీ చక్రానికీ తాళం, బండ్లకి గొలుసు.

ఇలా వెళ్తే రానూపోనూ ఆరు రోజులు రోడ్డుకే పోతాయి. మీకు మిగిలేది నాలుగు. అందులో మోయాబ్, పాయూట్ రెండూ పట్టవు. ఒకటి వదిలేయండి.

కొలరాడో_అక్క:

పైన తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. నేను గ్రాండ్ జంక్షన్‌లో ఉంటాను, మోయాబ్ మాకు రెండు గంటల లోపే, ఏటా వెళ్తాం. పాయూట్ కూడా రెండుసార్లు చేశాం.

పాయూట్ పెద్ద లూప్ దాదాపు 275 మైళ్లు. కాగితం మీద రెండు రోజులనిపిస్తుంది కానీ ట్రెయిల్ మీద మైలు అంటే హైవే మైలు కాదు, పిల్లలతో అయితే నాలుగు రోజులు పెట్టుకోవాలి. పైగా టషార్ కొండల్లో అది 11,000 అడుగులు దాటుతుంది, అక్టోబర్‌లో పైన మంచు పడి ఉండొచ్చు. అక్టోబర్ మూడో వారం ప్రాంతంలో జింకల వేట సీజన్ కూడా మొదలవుతుంది. పాయూట్ చాలా మంచి ట్రెయిల్. మేరీస్‌వేల్ లాంటి చిన్న ఊళ్లలో బండి నేరుగా బంకు దాకా, హోటల్ దాకా నడుపుకుంటూ వెళ్లొచ్చు, ఆ అనుభవమే వేరు. కానీ దానికి జులై నెలాఖరో ఆగస్టో సరైన సమయం. అక్టోబర్ మోయాబ్‌ది. ఇంకో మాట, పాయూట్ పక్క ట్రెయిళ్లలో కొన్నిటికి 50 అంగుళాల వెడల్పు పరిమితి ఉంది, ఆర్‌జెడ్‌ఆర్ పట్టదు, వెళ్లినప్పుడు మ్యాప్‌లో చూసుకోండి.

హెల్స్ రివెంజ్ గురించి: మొదటి రోజు వద్దు. అది నున్నటి ఇసుకరాయి గుట్టల వీపు మీద నడిచే ట్రెయిల్, కొన్నిచోట్ల రెండు పక్కలా ఏమీ ఉండదు. ఎక్కేటప్పుడు ముందు ఆకాశం తప్ప రాయి కనపడదు. బురదలో నేర్చుకున్న అలవాటు, అంటే ఊపు మీద గ్యాస్ ఇవ్వడం, అక్కడ ప్రమాదం. మొదటి రోజు ఆనియన్ క్రీక్ చేయండి, వాగుని ఇరవైకి పైగా సార్లు దాటుతుంది, చిన్నపాపకి పండగే. రెండో రోజు ఫిన్స్ అండ్ థింగ్స్. అది హాయిగా అనిపిస్తే మూడో రోజు పెద్దవాళ్లు మాత్రం హెల్స్ రివెంజ్, వీలైతే అక్కడి గైడుని పెట్టుకుని.

ఇక బాబు విషయం. రాంచర్ పెద్దవాళ్ల సైజు ఏటీవీ, 16 ఏళ్ల లోపు వాళ్లు నడపకూడదని బండి మీద స్టిక్కర్‌లోనే రాసి ఉంటుంది. ఇంట్లో గొడవ అయినా సరే, ఇవ్వకండి. అలాగే దాని వెనక ఎవరినీ కూర్చోబెట్టుకోకండి, అది ఒక్కరి బండి. మా బంధువులబ్బాయి ఇలాగే వెనక కూర్చుని పడి భుజం విరగ్గొట్టుకున్నాడు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. ఆర్‌జెడ్‌ఆర్‌లో పాప వీపు సీటుకి ఆని ఉండగా కాళ్లు నేలకి అందాలి, బెల్టు, హెల్మెట్ ఉండాలి. యూటాలో 18 లోపు వాళ్లకి హెల్మెట్ చట్టమే. నడిపే పెద్దవాళ్లందరూ ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సు పూర్తి చేయాలి, బయటి రాష్ట్రం బండికి పర్మిట్ విడిగా కొనాలి. ఇవి ఇంటి దగ్గరే చేసుకుని ప్రింట్ తెచ్చుకోండి. ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్ పార్కుల్లోకి ఈ బండ్లని రానివ్వరు.

అమ్మగారిని తప్పకుండా తీసుకురండి, ట్రెయిల్ మీదికి మాత్రం వద్దు. రోజూ ఒకరు ఆవిడతో ఉండేలా వంతులు వేసుకోండి. ఆర్చెస్‌కీ డెడ్ హార్స్ పాయింట్‌కీ కార్లోనే వెళ్లొచ్చు. మా అత్తగారు డెడ్ హార్స్ పాయింట్ దగ్గర సాయంత్రం గంటసేపు కదలకుండా కూర్చున్నారు, ఇప్పటికీ ఫోన్లో అడుగుతుంటారు ఆ లోయ గురించి. ఆవిడ విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు కార్లో పెట్టండి. వంటగది ఉన్న ఇల్లు తీసుకోండి, రైస్ కుక్కరూ మాగాయా తెచ్చుకుంటే సాయంత్రం అలసిపోయి వచ్చాక ఎక్కడ తినాలన్న టెన్షన్ ఉండదు.

వర్జీనియా_రైడర్:

ఒక్కటి కలుపుతా. ఆర్‌జెడ్‌ఆర్‌కి స్పేర్ డ్రైవ్ బెల్ట్ (ఇంజిన్ శక్తిని చక్రాలకి అందించే బెల్టు) తప్పనిసరి, ఇంటి దగ్గర ఒకసారి మీ చేత్తో మార్చి చూడండి. పంక్చర్ కిట్, చిన్న కంప్రెసర్, లాగే పట్టా, మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు. సెల్ సిగ్నల్ మీద ఆధారపడొద్దు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, వీలైతే సిగ్నల్ లేనిచోట కూడా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ అద్దెకి తీసుకోండి.

కొండలూ అడవీ ఇష్టమైతే ఇంకో ఏడాది వెస్ట్ వర్జీనియా హాట్‌ఫీల్డ్-మెక్‌కాయ్ ట్రెయిళ్లకి రండి. వెయ్యి మైళ్లకి పైనే, ఒక్క పర్మిట్‌తో అన్నీ తిరగొచ్చు. తేలికవి ఆకుపచ్చ, కష్టమైనవి నీలం, బాగా కష్టమైనవి నలుపు గుర్తులు. హెల్మెట్ అందరికీ తప్పనిసరి.

ఫ్రిస్కో_నాన్న:

ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. ఇది చదివి వెంటనే టార్చి పట్టుకుని ట్రైలర్ దగ్గరికెళ్లా. నాలుగు టైర్లలో రెండిటి మీద 2216 అని ఉంది. 2016 అన్నమాట. నాలుగూ మార్చేస్తున్నాం. పాయూట్ తీసేశాం, మోయాబ్‌లోనే నాలుగు రోజులు. మావాడికి స్టిక్కర్ చూపించాను, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయాడు, కాసేపటికి వచ్చి అయితే మ్యాప్ చూసి దారి చెప్పే పని నాది అన్నాడు. సరే అన్నాను.

ఒక్క సందేహం మిగిలింది. ట్రక్కులో మేము నలుగురం, బావమరిది వాళ్లు వెనక కారులో. ట్రైలర్ వెనకే కారు ఉండాలా, ముందు ఉండాలా?

ఎర్రమట్టి:

వెనకే, కాస్త దూరంగా. పట్టీ వదులైనా, టైరు మెత్తబడినా వెనక కారు వాళ్లకే ముందుగా కనపడుతుంది. ట్రక్కుకీ కారుకీ ఒక్కో వాకీటాకీ కొనండి. బయల్దేరిన మొదటి 50 మైళ్లకి ఆగి చక్రాల నట్లు ఒకసారి బిగించండి.