నిమిషం వీడియోల్లో న్యూరాలజీ చెప్పొచ్చా?

ప్రశ్న: మెడికల్ స్టూడెంట్ల కోసం రీల్స్ చేద్దామనుకుంటున్నాను, కానీ నిమిషంలో సగం చెప్పి తప్పుదారి పట్టిస్తానేమోనని టెన్షన్. ఎవరైనా చేశారా?

జవాబు 1: వీడియోకి ఒకే పాయింట్ పెట్టుకోండి. మూతి వంకరపోయిన మనిషిని కనుబొమలు ఎత్తమంటే నుదుటి మీద రెండువైపులా ముడతలు పడ్డాయా, స్ట్రోక్‌ని అనుమానించాలి. బలహీనమైన వైపు నుదురు నున్నగా ఉండిపోతే చాలావరకు బెల్స్ పాల్సీ లాంటి ముఖనరం సమస్య, ఎందుకంటే నుదుటి కండరాలకు మెదడు రెండువైపుల నుంచీ ఆదేశాలు అందుతాయి; మెదడులో ఒకవైపు దెబ్బతిన్నా నుదురు కదులుతుంది, ఆ ఆదేశాలు మోసే నరమే దెబ్బతింటే కదలదు. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కనిది నాకు ఇలా చూశాకే ఎక్కింది.

జవాబు 2: బ్రెయిన్‌స్టెమ్ (మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం) స్ట్రోక్‌లో నుదురు కూడా పడిపోవచ్చు, ఆ మాట క్యాప్షన్‌లో తప్పకుండా రాయండి. అనుమతి లేకుండా పేషెంట్ వీడియో అసలొద్దు. మొహం బ్లర్ చేస్తే చూపించడానికి ఏమీ మిగలదు, మీరే నటించండి.

జవాబు 1: వారం తర్వాత అదే పాయింట్ మీద క్విజ్ పెట్టండి, అప్పుడే గుర్తుంటుంది.

అడిగినవారు: థాంక్సండీ, నుదురుతోనే మొదలుపెడతాను.