కోరంగి పాయల్లో రొయ్య పిల్లలు పెరిగే తావులు గుర్తించి, అక్కడ వేట ఆపాలా?

గౌతమిఒడ్డు:
కాకినాడ పక్కన కోరంగి మడ అడవిలో ఏ పాయలో, ఏ నెలలో రొయ్య పిల్లలు ఎక్కువో మ్యాప్ గీయాలి. ఆ తావుల్లో ఆ నెలలు వేట ఆపాలి. టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు రెండు మూడు వారాలకు పోటుతో మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి లోపలికొస్తాయి, మడ వేళ్ల మధ్య కొన్ని నెలలు పెరిగి మళ్లీ సముద్రానికి పోతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం ఉంది కదా అంటారు. అది సముద్రంలో తిరిగే ఇంజన్ బోట్లకు. పాయల్లోని పిల్లలకు దానివల్ల ఒరిగేది తక్కువ.

వలవాడు:
మ్యాప్ అంటేనే మాకు టెన్షన్. 1978లో అభయారణ్యం వచ్చింది, ఇప్పుడు ఇంకో గీతా? మా అమ్మ పాటు తీసినప్పుడు, అంటే నీరు వెనక్కి పోయినప్పుడు, బురద నీళ్లలో కూర్చుని, మెడకు బుట్ట కట్టుకుని, చేతులతో తడిమి రొయ్యలు పడుతుంది. గీత పడితే మొదట ఆపేది ఆమెనే. ట్రాలర్ల జోలికి ఎవరూ పోరు.

ఉప్పుటేరు:
వలవాడు గారి భయం నిజమే. కానీ నేను చూసింది కూడా చెప్పాలి. 90ల మొదట్లో రొయ్యల చెరువులకు సీడు (పెంచే పిల్ల) కావాలని మేం దోమతెర వలలతో పాయలు గాలించాం. పట్టింది తెల్ల పళ్లెంలో పోసేవాళ్లం. టైగర్ పిల్ల గోధుమరంగు సన్న పుల్లలా కనపడుతుంది. దాన్ని ఏరుకుని మిగతావన్నీ, చేప పిల్లలు, పీత పిల్లలు, వేరే రొయ్యల పిల్లలు, గట్టున పారబోసేవాళ్లం. మధ్యాహ్నానికి గట్టంతా తెల్లగా ఎండిపోయేది. తలచుకుంటే ఇప్పటికీ బాధే. ఆ తర్వాత చెరువు రొయ్యలకు తెల్లమచ్చ రోగం, పిల్లల్ని పుట్టించే హేచరీలు, 2009 నుంచి వనామి అనే విదేశీ రొయ్య వచ్చి ఆ వేట తగ్గింది. ఏ మలుపులో పిల్ల దొరుకుతుందో తెలిసినవాళ్లు కూడా తగ్గిపోతున్నారు.

శాటిలైట్‌లో మడ చెట్లు కనిపిస్తాయి, రొయ్య కనిపించదు. ఒకే చోట, ఒకే తిథి పోటుకు, నెలనెలా సన్నకన్ను వల లాగి లెక్కపెట్టాలి. గోదావరికి వరదొస్తే ఉప్పు తగ్గుతుంది, పిల్లలుండే చోటూ మారుతుంది. కాబట్టి ఒక్క మ్యాప్ చాలదు, నెలకొకటి కావాలి. ఏడాది పొడవునా మూసేయమని నేను అనను.

గౌతమిఒడ్డు:
ఆస్ట్రేలియాలో కార్పెంటేరియా సింధుశాఖలో అక్కడి వేరే జాతి టైగర్ రొయ్యల పిల్లలు సముద్రపు గడ్డిలో పెరుగుతాయి. 1985లో శాండీ తుఫానుకు ఒక తీరం వెంట ఆ గడ్డి చాలా మేర కొట్టుకుపోయింది, అక్కడి రొయ్యల దిగుబడీ పడిపోయింది. ముందే గడ్డిని మ్యాప్ చేసుకున్నారు కాబట్టి ఎంత పోయిందో వాళ్లకు తెలిసింది. మనకు రేపు తుఫానొస్తే ఏం పోయిందో ఎలా తెలుస్తుంది?

వలవాడు:
సరే, గీయండి. కానీ చెరువుల నీళ్లు పాయలోకి వదిలే తూములు కూడా అందులో పెట్టాలి. వాటి సంగతి ఎవరూ ఎత్తరేం?

ఉప్పుటేరు:
పెట్టాల్సిందే. ముందు వాటినే పెట్టాలి. చేతులతో పట్టే ఆడవాళ్లను ఆపకూడదు, పాయకు అడ్డంగా కట్టే సన్నకన్ను వలలనే ఆపాలి.

వలవాడు:
ఆ మాట కాగితం మీద రాసిస్తే, పడవ నాదే. పాయలన్నీ నేనే చూపిస్తా.